కుక్కపిల్ల ఆరోగ్యం సర్టిఫికెట్‌లో ఉండదు

ఇంట్లో ఒకటి రెండు కుక్కలను పెంచుకునేవారికీ, వ్యాపారంగా ఈనించి అమ్మేవారికీ ఒకటే లైసెన్సు, ఒకటే తనిఖీ అంటున్నాయి నిబంధనలు. దీనివల్ల కుక్కకు గానీ, దాన్ని తెచ్చుకునే కుటుంబానికి గానీ మేలు జరుగుతుందా?

ఇంట్లో పిల్లలు కుక్కపిల్ల కావాలని పట్టుబడితే పెద్దవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదే. పెట్ షాపు ఉంది. ఫోన్‌లో ఫొటో పంపి ఇంటికే తెచ్చిచ్చే ఏజెంటు ఉన్నాడు. మూడోది, తెలిసినవాళ్ల ఇంట్లో ఈనిన కుక్క. తల్లిని చూడండి, పుట్టిన చోటు చూడండి, ఆ తర్వాతే పిల్లను ఎంచుకోండి అని పశువైద్యులు ఇచ్చే సలహా ఈ మూడో దారికే చక్కగా సరిపోతుంది. మన కేంద్ర నిబంధనలు మాత్రం ఆ మూడో దారిలో ఉన్న కుటుంబాన్నీ, వరస బోనుల్లో కుక్కలను పెట్టి ఏటా ఈనించే వ్యాపారినీ ఒకే గాటన కట్టేశాయి.

2025 ఆగస్టులో వీధికుక్కలపై సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చినప్పటి నుంచి కుక్కల గురించి చర్చ ఇంటింటా నడుస్తోంది. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేశాక, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ మినహా మిగతావాటిని పట్టుకొచ్చిన చోటే వదలాలంది. ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా పెంపుడు కుక్కలను ఈనించేవారందరి మీదా లైసెన్సులు, తనిఖీలు బిగించాలన్న మాట కూడా తోడవుతుంది. వ్యాపారుల విషయంలో ఆ మాట సబబే. ఎప్పుడో ఒక ఈత పిల్లలను తెలిసిన నలుగురికీ ఇచ్చే కుటుంబాల మీద కూడా అదే కొరడా ఝళిపించడం మాత్రం సరికాదు. కుక్కల ఆరోగ్యం పేరుతోనే తెచ్చిన నిబంధన కాబట్టి, ఆ ఆరోగ్యం కోణంలోనే దాన్ని పరిశీలిద్దాం.

2017 నిబంధనల్లో ఏముంది?

పెట్ షాపులకూ, కుక్కల పెంపకానికీ నియంత్రణ ఉండాలని 2015లో లా కమిషన్ తన 261వ నివేదికలో సిఫార్సు చేసింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ 2017 మే నెలలో కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలను నోటిఫై చేసింది. అదే నెలలో వచ్చిన పశువుల సంతల నిబంధనలపై దేశమంతా దుమారం రేగడంతో, కుక్కల నిబంధనలను పట్టించుకున్నవారు తక్కువ. తర్వాత 2018లో పెట్ షాపులకు విడిగా నిబంధనలు వచ్చాయి.

2017 నిబంధనల్లో మంచివి చాలానే ఉన్నాయి. ఆడకుక్కకు 18 నెలలు నిండకముందు జత కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు. జీవితం మొత్తంలో అయిదు ఈతలు దాటకూడదు. ఎనిమిదేళ్లు పైబడ్డాక ఈనించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేముందు మైక్రోచిప్ వేయించాలి. ఇవన్నీ పశువైద్యం చెప్పే మాటలే. కుక్కను ప్రేమించే ఎవరికీ వీటితో పేచీ ఉండదు.

పేచీ అంతా మరోచోట ఉంది. ఈ పనులు చేయమని చెప్పి ఊరుకోకుండా, ముందుగా రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ చేసుకోవాలన్నారు. దానికి 5,000 రూపాయల ఫీజు. ఆ రిజిస్ట్రేషన్ రెండేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్లీ కట్టుకోవాలి. మండలి తరఫున వచ్చేవారు చోటును తనిఖీ చేస్తారు. కుక్కలుండే గదుల కొలతలు, పుట్టిన పిల్లలు, చనిపోయినవి, అమ్మినవి అన్నిటికీ రికార్డులు, ఏటా నివేదిక ఉండాలి.

ఇదంతా ఎవరికి? అమ్మకం కోసం జాతి కుక్కలను ఈనించే వ్యక్తి ఎవరైనా సరే, నిబంధనల దృష్టిలో బ్రీడరే. ఇన్ని కుక్కలకు మించితేనే వర్తిస్తుందన్న హద్దు లేదు. దళారులనూ, కుక్కలను కొని అమ్మే వ్యాపారులనూ కూడా అదే నిర్వచనంలో చేర్చారు. అంటే, ఇంట్లో ఒకే ఒక్క లాబ్రడార్‌ను పెంచుకుంటూ, అది ఒకసారి ఈనితే ఆరు పిల్లలను డబ్బు తీసుకుని ఇచ్చిన కుటుంబం కూడా, ఇరవై కుక్కలున్న వ్యాపారి నింపే ఫారాలే నింపాలి.

ఈ రెండిటి మధ్య తేడా చిన్నది కాదు. వ్యాపారికి 5,000 ఫీజు ఒక పిల్ల మీద వచ్చే లాభంలో కొంత. రికార్డులు రాయడానికి పనిమనిషి ఉంటాడు. కొలతల ప్రకారం షెడ్డు కట్టుకుంటాడు. అపార్ట్‌మెంటులోనో, రెండు పడగ్గదుల ఇంట్లోనో ఉండే కుటుంబం మాత్రం ఇంటినే తనిఖీకి చూపించాలి. తల్లి కుక్క మంచం పక్కన పడుకుంటుంది, పిల్లలు వంటింటి గడప దగ్గర ఆడుకుంటాయి. కొలతల జాబితాలో అలాంటి చోటుకు గడి ఎక్కడుంటుంది?

దీంతో అలాంటి కుటుంబాలు రెండు రకాలుగా చీలిపోతాయి. చట్టానికి భయపడేవారు అసలు ఈనించడమే మానేస్తారు. మిగిలినవారు చెప్పకుండా ఇచ్చేస్తారు. చెప్పకుండా ఇచ్చేవాళ్లు రసీదు ఇవ్వరు, చిప్ వేయించరు, పేరు బయటికి రానివ్వరు. నిబంధన ఏ జాడను పట్టుకోవాలనుకుందో ఆ జాడే చెరిగిపోతుంది.

మొదటి ఎనిమిది వారాలు

కుక్కపిల్ల స్వభావం ఎలా తయారవుతుందో జంతు ప్రవర్తన శాస్త్రం చాలాకాలం క్రితమే తేల్చింది. పుట్టిన మూడో వారం నుంచి సుమారు 12, 14 వారాల దాకా పిల్ల మెదడు కొత్త మనుషులనూ, చప్పుళ్లనూ, వాసనలనూ భయం లేకుండా స్వీకరిస్తుంది. ఆ కిటికీ మూసుకున్నాక కొత్తది ఏదైనా ముందు భయమే పుట్టిస్తుంది. భయపడే కుక్కే ఎక్కువగా కరుస్తుంది.

ఎనిమిది వారాల దాకా పిల్లను అమ్మకూడదు కాబట్టి, ఆ కీలకమైన కాలంలో అయిదు వారాలు అది పుట్టిన చోటే గడుపుతుంది. ఇంట్లో పుట్టిన పిల్లకు కుక్కర్ విజిల్, మిక్సీ చప్పుడు, కాలింగ్ బెల్, బడి నుంచి వచ్చే పిల్లల అల్లరి, తాతయ్య చేతికర్ర, పనమ్మాయి చీపురు అన్నీ ఆ అయిదు వారాల్లోనే అలవాటైపోతాయి. ఊరి చివరి షెడ్డులో, రోజుకు రెండుసార్లు గిన్నెలో తిండి వేసి వెళ్లే మనిషి తప్ప ఎవరూ కనిపించని చోట పెరిగిన పిల్లకు ఇవేవీ తెలియవు. గది కొలత సరిగ్గా ఉండవచ్చు, గిన్నె శుభ్రంగా ఉండవచ్చు, సర్టిఫికెట్ గోడమీద వేలాడుతూ ఉండవచ్చు. ఆరు నెలల తర్వాత ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాణ్ని అది కరిస్తే ఆ సర్టిఫికెట్ అడ్డం పడదు.

కుక్కకాటును మన ఇళ్లలో తేలిగ్గా తీసుకోలేం. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలయ్యాక బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. పెంపుడు కుక్క కరిచినా సరే, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, డాక్టరు చెప్పిన టీకాలన్నీ వేయించుకోవాల్సిందే. కరవని కుక్కను తయారుచేయడంలో మొదటి మెట్టు పుట్టిన ఇల్లు. ఆ ఇళ్లను తగ్గించే నిబంధన భద్రతను ఎలా పెంచుతుంది?

నట్టలు, పార్వో... తనిఖీకి దొరకనివి

పసిపిల్లలున్న ఇంట్లో కుక్కపిల్లతో వచ్చే అసలు భయాల్లో నట్టలు ఒకటి. టాక్సోకారా అనే గుండ్రటి నట్ట లార్వాలు తల్లి కుక్క కండరాల్లో నిద్రాణంగా ఉండి, చూలు చివరి వారాల్లో మేల్కొని, గర్భంలోని పిల్లలకు చేరతాయి. పాల ద్వారా కూడా వెళతాయి. అందుకే పైకి ఎంత ముద్దుగా కనిపించినా, దాదాపు ప్రతి కుక్కపిల్లకూ నట్టలు ఉన్నాయనుకునే మందు వేస్తారు. పిల్ల మలంలో వచ్చే గుడ్లు మట్టిలో కొన్ని వారాలకు అంటుకునే స్థితికి వస్తాయి. మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పసివాళ్ల కడుపులోకి అవి చేరితే, లార్వాలు కాలేయం, ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. అరుదుగా కంటిలోకి చేరి చూపునే దెబ్బతీయవచ్చు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండేసి వారాలకోసారి పిల్లలకు, వాటితోపాటు తల్లికీ నట్టల మందు వేయాలి. మలాన్ని రోజూ ఎత్తేసి శుభ్రం చేయాలి. ఇది ఎవరు శ్రద్ధగా చేస్తారు? తమ పిల్లలు కూడా అదే గచ్చు మీద పాకే ఇంటివాళ్లకు ఈ జాగ్రత్త ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎప్పుడో ఒక రోజు వచ్చిపోయే తనిఖీ బృందానికి ఆ రోజు నేల శుభ్రంగా ఉందా అన్నది తెలుస్తుంది. నాలుగో వారంలో మందు వేశారో లేదో తెలియదు.

పార్వో సంగతి మరీ కష్టం. ఈ వైరస్ సోకిన పిల్ల మూడు నుంచి ఏడు రోజుల దాకా మామూలుగానే ఆడుకుంటుంది. తర్వాత ఒక్కసారిగా వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. ఆదివారం కొన్న పిల్ల గురువారానికి సెలైన్ మీద ఉండటం వెనుక రహస్యం ఇదే. వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన పిల్లలను ఒకేచోట ఉంచే షాపుల్లో, దళారుల దగ్గర, రవాణా బుట్టల్లో ఇది సులభంగా పాకుతుంది. ఒకే తల్లి, ఒకే ఈత, బయటి కుక్కల రాకపోకలు లేని ఇంట్లో ఆ ప్రమాదం ఎంతో తక్కువ. మరి తనిఖీ ఎక్కడ గట్టిగా ఉండాలి?

ఇక పుట్టుకతో వచ్చే జబ్బులు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం తరచూ కనిపిస్తుంది. ఎనిమిది వారాల పిల్లను చూసి దీన్ని చెప్పలేం. తల్లిదండ్రులు పెద్దయ్యాక వాటి తుంటికి ఎక్స్‌రే తీయించి, కీలు బాగున్నవాటినే జత కట్టించడం ఒక్కటే దారి. పగ్ లాంటి చదును ముక్కు జాతులకు ఊపిరి సమస్య ముఖం తీరులోనే ఉంది. కుక్క రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. మన విజయవాడ, రామగుండం ఎండల్లో ఊపిరే సరిగా ఆడని కుక్క ఏం రొప్పుతుంది? ఇలాంటి వాటిలో ఏ కుక్కను ఈనించాలి, ఏ కుక్కను వద్దనుకోవాలి అన్న నిర్ణయం దాన్ని ఏళ్ల తరబడి కళ్లముందు పెంచినవారికే బాగా తెలుస్తుంది.

చిన్న పెంపకందారులు తగ్గిపోతే మరో నష్టం కూడా ఉంది. పిల్లలన్నీ కొద్దిమంది పెద్ద వ్యాపారుల దగ్గరి నుంచే వస్తే, పోటీల్లో గెలిచిన ఒకటి రెండు మగకుక్కల సంతానమే ఊరంతా నిండుతుంది. ఆ మగకుక్కలో దాగిన లోపం ఏదైనా ఉంటే అది కూడా ఊరంతా పాకుతుంది. వేర్వేరు ఇళ్లలో, వేర్వేరు వంశాలను నిలబెట్టే మనుషులు ఎక్కువగా ఉండటమే దీనికి విరుగుడు.

మన జాతులకు మిగిలిన దిక్కు ఇళ్లే

స్వదేశీ జాతులను పెంచుకోండని 2020 ఆగస్టు మన్ కీ బాత్‌లో ప్రధాని పిలుపునిచ్చారు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై కుక్కలకు జాతీయ జంతు జన్యువనరుల సంస్థ జాతి గుర్తింపు కూడా ఇచ్చింది. మన ఆంధ్రతీరంలో, కొల్లేరు చుట్టుపక్కల బాతులు మేపేవారి వెంట కనిపించే జోనంగి ఉంది. పొట్టి వెంట్రుకలతో, మన ఎండకు తట్టుకునే కుక్క. పెద్ద వ్యాపారి జోనంగిని ఈనించడు. అతను జనం అడిగేదాన్ని, అంటే ఈ ఏడాది హస్కీనో, వచ్చే ఏడాది మరోదాన్నో ఈనిస్తాడు. జోనంగిని నిలబెట్టేది దాన్ని ఇష్టపడి పెంచే పల్లె కుటుంబాలే. పిల్లను అమ్మితే వచ్చే నాలుగు డబ్బుల కంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఎక్కువైతే ఆ కుటుంబం ఏం చేస్తుంది? ఒక చేత్తో స్వదేశీ జాతులను పెంచమని చెప్పి, మరో చేత్తో పెంచేవారి ముందు ఫారాల కట్ట పెట్టడం పొసగదు.

5 వేల ఫీజు, 50 రూపాయల జరిమానా

ఈ వ్యవహారంలో అందరూ ఆలోచించాల్సిన అంకెలు రెండున్నాయి. జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, కుక్కను కొట్టినా, పస్తులు పెట్టినా, కదలలేని బోనులో బంధించినా మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 1960లో రాసిన అంకె ఇప్పటికీ అలాగే ఉంది. ఈ శిక్షలను పెంచాలని 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదాను జనాభిప్రాయానికి పెట్టింది. అది చట్టం కాలేదు.

అంటే కుక్కను హింసించినవాడు 50 రూపాయలతో బయటపడవచ్చు, దాన్ని బాగా చూసుకున్నవాడు మాత్రం రెండేళ్లకోసారి 5,000 కట్టాలి. తప్పు చేసినవాడిని వదిలి, కాగితం లేనివాడిని పట్టుకునే పద్ధతి ఇది. ఆఫీసుల చుట్టూ తిరగడం, తనిఖీకి వచ్చినవారి చేతులు తడపడం మన కుటుంబాలకు కొత్త కాదు. భవన నిర్మాణ అనుమతి దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాం. ఆ ఖర్చులను వ్యాపారి పిల్ల ధరలో కలిపేస్తాడు. ఇంటివాళ్లు కలపలేరు.

లైసెన్సు చేతిలో ఉన్న అధికారం ఎలా వాడుకోవచ్చో 2024లో చూశాం. పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతులకు, వాటి సంకర జాతులకు లైసెన్సులు, పర్మిట్లు ఇవ్వొద్దనీ, ఇప్పటికే పెంపకంలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలనీ మార్చి 12న కేంద్రం రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. కుక్కలను పెంచేవారిని అడగలేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, సంబంధిత వర్గాలతో సంప్రదించకుండా తెచ్చారంటూ దాన్ని కొట్టేసింది. కరిచే కుక్కల సమస్య నిజమైనదే. అయినా, లైసెన్సు అనేది ఒకసారి చేతికొచ్చాక, ఒక్క సర్క్యులర్‌తో ఎవరి ఇంట్లోని కుక్క విషయంలోనైనా నిర్ణయం మారిపోవచ్చని ఆ నెల రోజులు చూపించాయి.

అవతలివారి వాదనలోనూ నిజముంది

నియంత్రణ కోరే జంతు సంక్షేమ కార్యకర్తల మాటను కొట్టిపారేయలేం. చిన్న పెంపకందారులందరూ మంచివాళ్లేనా అని వాళ్లు అడుగుతారు. కాదు. అద్దె గదిలో నాలుగు ఆడకుక్కలను కట్టేసి, ఎదకు వచ్చిన ప్రతిసారీ జత కట్టించి, నెల రోజుల పిల్లలను అమ్మేసేవారు కూడా తమను తాము ఇంటి పెంపకందారులమనే చెప్పుకుంటారు. కన్ను తెరిచి నాలుగు అడుగులు వేయగానే తల్లి నుంచి విడదీసిన పిల్లలను షెల్టర్లు రోజూ చూస్తుంటాయి. చిన్నవారిని మినహాయిస్తే పెద్ద వ్యాపారి నాలుగు ఇళ్లలో నాలుగేసి కుక్కలుంచి ఆ మినహాయింపులో దూరతాడని కూడా వాళ్ల భయం.

మొదటిదానికి జవాబు: ఆ అద్దె గదివాడు లైసెన్సుకు దరఖాస్తు చేయడు. తనిఖీ బృందం వెళ్లేది దరఖాస్తు చేసిన వారి ఇంటికి. నిబంధనలకు లోబడేవారి మీదే బరువు పడి, లోబడనివాడు చీకట్లో ఉండిపోతాడు. అతణ్ని పట్టేది పొరుగువారి ఫిర్యాదు, పశువైద్యుడి కన్ను, గట్టి జరిమానా. ఫిర్యాదు వస్తే వెళ్లి చూసే అధికారం ఇప్పటి చట్టంలోనే ఉంది. జంతువును చంపినా, వికలాంగం చేసినా అయిదేళ్ల దాకా జైలుశిక్ష వేసే వీలు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఉంది.

రెండోదానికి జవాబు మైక్రోచిప్‌లో ఉంది. బియ్యపు గింజంత చిప్‌ను పిల్ల మెడ వెనక చర్మం కింద వేస్తే 15 అంకెల నంబరు జీవితాంతం ఉంటుంది. తల్లి నంబరు, పుట్టిన తేదీ, మొదట ఇచ్చినవారి పేరు ఆ నంబరుతో ముడిపడి ఉంటే, ఏ తల్లి ఏడాదికి ఎన్నిసార్లు ఈనిందో, ఏ పేరు మీద ఎన్ని పిల్లలు వెళ్లాయో లెక్క దానంతటదే తేలుతుంది. నాలుగు ఇళ్ల నాటకం అక్కడ దొరికిపోతుంది. రోడ్డు మీద వదిలేసిన జాతి కుక్క ఎవరిదో కూడా తెలుస్తుంది. దీనికి ఎవరి ఇంట్లోకీ ఇన్‌స్పెక్టరు రానక్కర్లేదు. మొదటి టీకాకు వచ్చినప్పుడు పశువైద్యుడే చేయగల పని ఇది.

బయటి దేశాలు గీత ఎక్కడ గీశాయి?

కుక్కల సంక్షేమంలో మనకంటే ముందున్నామని చెప్పుకునే దేశాలు కూడా చిన్నవారికీ పెద్దవారికీ మధ్య గీత గీశాయి. ఇంగ్లండ్‌లో 2018 నిబంధనల ప్రకారం 12 నెలల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ ఈతల పిల్లలను అమ్మేవారికి, లేదా ఇదే వ్యాపారంగా నడిపేవారికి లైసెన్సు కావాలి. ఒకటి రెండు ఈతలతో సరిపెట్టుకుని, వ్యాపారం చేయని కుటుంబానికి అక్కర్లేదు. అమెరికాలో ఫెడరల్ వ్యవసాయ శాఖ 2013లో నిబంధనలు బిగించి ఆన్‌లైన్ అమ్మకందారులను లైసెన్సు కిందికి తెచ్చింది. అప్పుడు కూడా ఈనే ఆడజంతువులు నాలుగు, అంతకంటే తక్కువ ఉండి, తమ దగ్గర పుట్టినవాటినే అమ్మేవారిని మినహాయించింది.

ఇంగ్లండ్ 2020 ఏప్రిల్‌లో మరో మెట్టు ఎక్కింది. ఆరు నెలల లోపు పిల్లలను మూడో వ్యక్తి, అంటే దళారీ లేదా షాపు, వ్యాపారంగా అమ్మడాన్ని నిషేధించింది. కొనేవాళ్లు పిల్లను పుట్టిన చోటే, తల్లితో కలిసి ఉండగా చూడాలన్నది దాని ఉద్దేశం. అక్కడి చట్టం ఏ దారిని ప్రోత్సహిస్తోందో, మన నిబంధన ఆ దారికే అడ్డుకట్ట వేస్తోంది.

మన దగ్గర ఏం చేయవచ్చు?

కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న నిబంధనల్లోనే నాలుగు మార్పులు చాలు. ఏడాదికి రెండు ఈతల లోపు, అదీ సొంత ఇంట్లో పెంచుకునే కుక్కలవి మాత్రమే ఇచ్చేవారిని రిజిస్ట్రేషన్, తనిఖీల నుంచి తప్పించాలి. ఎనిమిది వారాల నియమం, 18 నెలల నియమం, ఏడాదికి ఒక ఈత నియమం మాత్రం అందరికీ ఉంచాలి. మైక్రోచిప్‌ను పశువైద్యశాలల్లో తక్కువ ధరకు వేయించి, ఆ నంబర్లను రాష్ట్రమంతటికీ ఒకే రిజిస్టరులో పెట్టాలి. తనిఖీల బలగాన్నంతా షాపులు, దళారులు, ఆన్‌లైన్ వ్యాపారులు, పెద్ద కెన్నెళ్ల మీదికి తిప్పాలి. వీటితోపాటు 1960 చట్టంలోని 50 రూపాయల జరిమానాను పార్లమెంటు మార్చాలి. ఈ చివరిది జరగనంత కాలం, ఎన్ని లైసెన్సులు పెట్టినా అసలు దోషికి నొప్పి తెలియదు.

కొనేముందు మీరే చూడండి

చట్టం మారేదాకా మన ఇంటి జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. కుక్కపిల్లను తెచ్చుకునేముందు ఈ విషయాలు చూసుకోండి.

• తల్లిని చూపించమనండి. ఏ కారణం చెప్పి చూపించకపోయినా వెనక్కి వచ్చేయండి. తల్లి మనుషులను చూసి దాక్కుంటున్నా, గుర్రుమంటున్నా ఆలోచించండి.

• ఎనిమిది వారాలు నిండాయో లేదో టీకా కార్డులో పుట్టిన తేదీతో సరిచూసుకోండి. మరీ చిన్నగా ఉంటేనే మచ్చిక అవుతుందన్న మాట నమ్మకండి.

• నట్టల మందు ఎన్నిసార్లు, ఏ తేదీల్లో వేశారో అడగండి. ఇంటికి తెచ్చాక కూడా పశువైద్యుడు చెప్పిన ప్రకారం కొనసాగించండి. పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

• మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాకు అడ్డుపడవచ్చు కాబట్టి 16 వారాల దాకా మళ్లీ మళ్లీ వేయాలి. ఒక్క డోసుతో అయిపోయిందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. రేబిస్ టీకా సాధారణంగా మూడో నెల నిండాక వేస్తారు.

• పెద్ద జాతి కుక్కయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చూపించమనండి. చదును ముక్కు జాతి, ఒత్తు బొచ్చు జాతి తెచ్చుకునేముందు మన ఎండాకాలాన్ని తలచుకోండి.

• చెవుల్లో, కాలివేళ్ల మధ్య పిడుదులు, చర్మం మీద బొచ్చు ఊడిన గుండ్రటి మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఆ మచ్చలు తామర అయితే ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది.

• రసీదు, చిప్ నంబరు, ఇచ్చినవారి ఫోన్ నంబరు తీసుకోండి. ఏదైనా తేడా వస్తే పిల్లను తిరిగి తీసుకుంటారా అని ముందే అడగండి. మంచి పెంపకందారు తీసుకుంటామనే చెబుతారు, మీ ఇంటి గురించి మిమ్మల్నే నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది తల్లి కుక్కను తమ ఇంట్లో పెట్టుకుని పెంచిన మనిషే. ఆ మనిషిని వ్యాపారిగా లెక్కగట్టి ఫీజులు, తనిఖీలతో తరిమేస్తే, రేపు మన పిల్లలకు కుక్కపిల్ల కావాల్సి వచ్చినప్పుడు షాపు, ఏజెంటు మాత్రమే మిగులుతారు.